ఊపిరి లెక్క

పోయిన వారం ఒక మిత్రుడు ఫోనుకు వీడియో పంపాడు. పదిహేడు సెకన్లు. నీలి తిమింగలం వీపు నీళ్ల మీద మెరుస్తూ సాగిపోతుంది, సాగిపోతూనే ఉంటుంది, చివరికి తోక లేచి నీళ్లలోకి జారిపోతుంది. చుట్టూ జనం కేరింతలు. కింద అతను రాసిన ఒకే ఒక్క వాక్యం: ‘ఎంత దగ్గరికి వచ్చిందో చూడు!’

మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. అతని సంతోషం మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం లేదు. కానీ అచ్చం అలాంటి వీడియోలే నా ఫోనులోనూ ఉన్నాయి. రెండేళ్లుగా వాటిని పదే పదే చూశాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. ఆ రోజు తిమింగలం మా దగ్గరికి రాలేదు. మేమే దాని దగ్గరికి వెళ్లాం. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా గురించే ఈ టపా అంతా.

ఆ ఉదయం

నేను వెళ్లింది శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సా నుంచి. అక్కడ సముద్రం ఒడ్డుకు కొద్ది దూరంలోనే లోతుకు దిగిపోతుంది. అందువల్ల నీలి తిమింగలాలు ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దగ్గరలో తిరుగుతుంటాయి. చాలా చోట్ల నీలి తిమింగలాలు మేత కోసం ధ్రువాల వైపు చల్లని నీళ్లకు వలస పోతాయి. ఇక్కడివి మాత్రం ఏడాది పొడవునా ఈ వెచ్చని నీళ్లలోనే మేస్తాయని శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ పరిశోధనల వల్ల లోకానికి తెలిసింది. అంటే మనం పడవేసుకుని వెళ్లేది వాటి ఇంట్లోకి, అదీ భోజనం వేళకు.

టికెట్టు కొన్నప్పుడే ఒక హామీ ఇచ్చారు. తిమింగలం కనిపించకపోతే మరో రోజు ఉచితంగా తీసుకువెళతామని. ఆ మాట విని నాకు ఆ సంస్థ మీద గౌరవం కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే, తర్వాత జరిగిన దానికంతటికీ మూలం ఆ హామీలోనే ఉందనిపిస్తుంది.

రెండు గంటలు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అలల ఊపుకు కొందరికి వాంతులయ్యాయి. ‘రేపే మా తిరుగు ప్రయాణం, ఇంకో రోజు ఎలా వస్తాం?’ అని ఒకాయన సిబ్బందిని నిలదీశారు. నేను నోరు విప్పలేదు గానీ మనసులో ఆయన పక్షమే వహించాను. అంతలో పడవ నడిపే అతనికి ఫోను వచ్చింది. ఇంజను హోరు పెరిగింది. పది నిమిషాల్లో మేము చేరుకునేసరికి అక్కడ అప్పటికే నాలుగు పడవలున్నాయి. మా వెనక మరో మూడు వచ్చి చేరాయి. తిమింగలానికి వంద మీటర్ల కన్నా దగ్గరికి పోకూడదని మా పడవలోనే ఒక బోర్డు ఉంది. ఆ బోర్డుకు చేయి ఆనించి నిలబడి నేను వీడియో తీశాను.

ఇల్లు చేరాక ఒక రాత్రి ఆ వీడియోలను వరసగా చూస్తూ, ఏ ఉద్దేశమూ లేకుండానే ఊపిరులు లెక్కపెట్టాను. నీలి తిమింగలం లోతుకు వెళ్లి మేసి వచ్చాక కాసేపు పైనే ఉంటుంది. కొన్ని సెకన్లకొకసారి ఊపిరి వదిలి, తీసుకుని, తగినంత గాలి నింపుకున్నాక మళ్లీ మునుగుతుంది. మేము ఇంకా దూరంగా ఉన్నప్పుడు మొదటిసారి అది ఎనిమిది సార్లు ఊపిరి తీసుకుంది. పడవలన్నీ చుట్టూ చేరాక, రెండోసారి, ఐదు. మా పడవ వేగం పెంచి దాని దారికి అడ్డంగా ముందుకు వెళ్లి నిలిచాక, మూడు. ఆ మూడోసారి లేచిన తోకే నా దగ్గరున్న అన్నిటికంటే అందమైన ఫొటో.

ఒక్క తిమింగలం, ఒక్క ఉదయం, ఒక్క ఫోను. దీన్ని రుజువు అనడం లేదు. తోక ఎత్తి మునగడం లోతుకు దిగడానికి దాని సహజమైన పద్ధతే. మూడోసారి దానికి వేరే కారణమేదైనా ఉండవచ్చు కూడా. అయినా ఆ లెక్క నన్ను వదలలేదు. దానికి అవసరమైన ఊపిరులను నేను డబ్బు పెట్టి తగ్గించానేమో అన్న అనుమానంతో చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసినవి

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో జరిగిన ఒక ప్రయోగం. అక్కడ హంప్‌బ్యాక్ తిమింగలాల తల్లులు పిల్లలతో విశ్రాంతి తీసుకుంటాయి. ఆ కాలంలో తల్లి దాదాపు ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే పిల్లకు పాలిస్తుంది. కాబట్టి కదలకుండా ఉండడమే దానికి పొదుపు. పరిశోధకులు వంద మీటర్ల దూరంలో ఒక పడవను ఉంచి, రకరకాల స్థాయిల్లో ఇంజను శబ్దాన్ని నీటి అడుగున వినిపించారు. డ్రోన్లతో పైనుంచి గమనించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు తల్లి కదలలేదు. బాగా పెరిగినప్పుడు తల్లి విశ్రాంతి సమయం 30 శాతం తగ్గింది, ఈత వేగం 37 శాతం పెరిగింది, ఊపిరి రెట్టింపు వేగంతో తీసుకుంది. దూరం మాత్రం అదే వంద మీటర్లు. నేను ఆనుకుని నిలబడిన ఆ బోర్డును మా పడవ అక్షరాలా పాటించి ఉన్నా సరిపోయేది కాదన్నమాట. ఎంత దూరం అన్న ప్రశ్న పక్కనే ఎంత చప్పుడు అన్నదీ ఉంది.

తిమింగలాలకు చెవే కన్ను. వెలుతురు నీళ్లలో కొద్ది దూరమే పోతుంది, శబ్దం మాత్రం గాలిలో కంటే నాలుగింతలకు పైగా వేగంతో చాలా దూరం పోతుంది. ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లోనే మరో అధ్యయనంలో హంప్‌బ్యాక్ పిల్లలు తల్లితో చాలా మెల్లగా, గుసగుసలాడినట్టు శబ్దాలు చేస్తాయని తేలింది. ఓర్కాల (కిల్లర్ వేల్స్) వంటి వేటగాళ్ల చెవిన పడకుండా ఉండడానికే ఆ గుసగుస అని పరిశోధకుల ఊహ. ఆ గుసగుస మీద మన ఇంజను హోరు పడితే ఏమవుతుందో ఊహించడానికి శాస్త్రం చదవనక్కరలేదు.

‘అలవాటు పడతాయిలే’ అనే మాట తరచు వింటాం. నేనూ అన్నాను. ఆ మాట మీద నమ్మకం పోయింది ఆస్ట్రేలియాలోనే షార్క్ బే డాల్ఫిన్ల కథ చదివాక. అక్కడ డాల్ఫిన్లను చూపించే సంస్థలు ఒకటి నుంచి రెండయ్యాక, ఆ నీళ్లలో ప్రతి ఏడు డాల్ఫిన్లకు సుమారు ఒకటి చొప్పున తగ్గిపోయిందని 2006లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. పడవల పక్కన నిశ్చింతగా ఈదుతున్న వాటిని చూసి అలవాటు పడ్డాయని అనుకుంటాం. తట్టుకోలేనివి అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. వెళ్లిపోయినవాటిని మనం చూడం కదా. అక్కడి ప్రభుత్వం ఆ తర్వాత రెండు లైసెన్సుల్లో ఒకదాన్ని తీసేసింది. ఒక అధ్యయనం విని ఒక ప్రభుత్వం ఇంత సూటిగా నిర్ణయం తీసుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఆనందమే.

అసలు హంతకులను వదిలేసి

ఇక్కడ నన్ను నేనే ఆపి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తిమింగలాలను చంపుతున్నది చూడడానికి వెళ్లే పడవలా? ఇరవయ్యో శతాబ్దంలో వేట ఓడలు దాదాపు 29 లక్షల పెద్ద తిమింగలాలను చంపాయి. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం వ్యాపార వేటను ఆపాలని 1982లో నిర్ణయించి, 1986 నుంచి అమలు చేసింది గనుక కొన్ని జాతులు బతికి బట్టకట్టాయి. ఇప్పుడు వాటిని చంపుతున్నవి ముఖ్యంగా సరకుల ఓడలు ఢీకొనడం, చేపల వలల తాళ్లు చుట్టుకోవడం. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్ అనే జాతిలో ఇక నాలుగు వందలు కూడా మిగలలేదు. 2017 ఒక్క ఏడాదిలోనే వాటిలో 17 చనిపోయి కనిపించాయి. మిరిస్సా ఎదుట ఉన్నది ప్రపంచంలోనే అత్యంత రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి. మేము తిరిగి వస్తుంటే ఆకాశపు అంచున కంటైనర్ల ఓడలు బారులు తీరి కనిపించాయి. వాటి ముందు మా చిన్న పడవ ఎంత?

ఈ వాదనలో బలం ఉంది. పెద్ద మార్పులు అక్కడే జరగాలి, జరుగుతున్నాయి కూడా. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద నౌకా సంస్థ శ్రీలంక దక్షిణాన తన ఓడల దారిని సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపింది. అమెరికా తూర్పు తీరంలో రైట్ వేల్ తిరిగే చోట్ల, ఆయా కాలాల్లో, 65 అడుగులు, అంతకు మించిన ఓడలు 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు) వేగం దాటకూడదని 2008 నుంచి నిబంధన ఉంది. ఈ రెండూ ఏ పడవ యాత్ర కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నేను ఒప్పుకుంటాను.

కానీ ఓడ తగిలి, తాడు చుట్టుకుని, చప్పుడుకు చెవులు హోరెత్తి బతుకుతున్న ప్రాణి దగ్గరికి మనం వెళ్లడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. రోకలి చిన్నదని అనడం గోరుచుట్టు లేనివాళ్లకు తేలిక. పైగా ఓడ ఎక్కడికో వెళ్తూ దారిలో తిమింగలానికి తగులుతుంది. చూడడానికి వెళ్లే పడవ మాత్రం దాన్ని వెతుక్కుంటూ, రోజూ, అది మేసే చోటికీ పాలిచ్చే చోటికీ గురి చూసుకుని వెళ్తుంది.

చప్పుడు తగ్గితే ఏమవుతుందో చెప్పే ఒక సంఘటన ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్ని రోజుల పాటు కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. సముద్రపు చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గింది. అదే సమయంలో అక్కడి రైట్ వేల్స్ మలాన్ని సేకరిస్తున్న పరిశోధకులకు వాటిలో ఒత్తిడి హార్మోన్లు తగ్గినట్టు తరవాత తెలిసింది. మనుషులు దుఃఖంతో ఆగిపోయిన ఆ కొద్ది రోజుల్లో తిమింగలాలు కాస్త తెరిపిన పడ్డాయి. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఏమనాలో తోచదు.

దగ్గరగా చూడకపోతే ప్రేమ పుడుతుందా?

నాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. వేటను ఆపిన వాదనల్లో చూడడం కూడా ఒకటి. బతికున్న తిమింగలం కూడా నాలుగు కుటుంబాలకు కూడు పెట్టగలదని చూపించింది ఈ యాత్రలే. 2008 ఒక్క ఏడాదిలోనే 119 దేశాల్లో కోటీ ముప్ఫై లక్షల మంది వీటికి వెళ్లారు, రెండు వందల పది కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. న్యూజీలాండ్‌లోని కైకోరాలో మావోరీ కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి 1987లో మొదలుపెట్టిన యాత్ర ఆ ఊరినే నిలబెట్టింది. కాబట్టి ‘అసలు వెళ్లకండి’ అనే వాళ్లతో నేను చేయి కలపలేను. చూడని దాని కోసం పోరాడేవాళ్లు తక్కువ. నేనే అందుకు సాక్షిని. ఆ ఉదయం వెళ్లి ఉండకపోతే ఎక్స్‌మౌత్ గల్ఫ్ ఎక్కడుందో వెతికేవాణ్ణి కాదు.

మెక్సికోలోని సాన్ ఇగ్నాసియో మడుగు కథ ఈ ప్రశ్నను ఇంకా చిక్కులో పడేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వేటగాళ్లు అక్కడి మడుగుల్లోకి చొరబడి, పిల్లలతో ఉన్న గ్రే వేల్ తల్లులను చంపేవారు. తల్లులు తిరగబడి పడవలను పగలగొట్టేవి. అందుకని వాటికి ‘దయ్యపు చేప’ అని పేరు పెట్టారు. (మనమూ తక్కువేమీ కాదు. తిమి అంటే పెద్ద చేప, దాన్ని కూడా మింగేది గనుక తిమింగలం. చూడకుండా, భయంతో పెట్టిన పేరు. అన్నిటికంటే పెద్దదైన నీలి తిమింగలం తినేది వేలెడంత రొయ్యలాంటి క్రిల్‌ను.) అక్కడే 1972లో పాచికో మయోరల్ అనే జాలరి పడవ పక్కకు ఒక గ్రే వేల్ వచ్చి ఆగింది. ఎంతకీ వెళ్లలేదు. ఆయన భయపడుతూనే చేయి చాచి తాకాడు. ఇప్పుడు ఆ మడుగులో తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని పడవల దగ్గరికి వస్తాయి, మనుషుల చేతుల కింద తల పెడతాయి. ఆ చుట్టుపక్కల భారీ ఉప్పు కర్మాగారం పెట్టాలన్న ప్రణాళికను 2000లో మెక్సికో ప్రభుత్వం విరమించుకుంది. ఆ పోరాటంలో ఆ తిమింగలాల మీద లోకానికి కలిగిన మమకారం పెద్ద పాత్రే పోషించింది.

చూశారా, తాకేంత దగ్గరితనమే వాటిని కాపాడింది కదా అని ఎవరైనా అంటే నేను ఏమంటాను? చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉందనుకుంటున్నాను. సాన్ ఇగ్నాసియోలో ఒకేసారి 16 పడవలకు మించి తిమింగలాలు తిరిగే చోటికి పోనివ్వరు. పడవ నెమ్మదిగా వెళ్లి ఆగుతుంది. రావాలా వద్దా అన్నది తిమింగలం ఇష్టం. చాలా రానే రావు. పాచికో కూడా తిమింగలాన్ని వెతుక్కుంటూ పోలేదు, చేపలు పట్టుకుంటున్నాడు. ఎన్ని మీటర్లు మిగిలాయన్నది నాకిప్పుడు రెండో ప్రశ్న. ఆ మీటర్లను తగ్గించింది ఎవరన్నది మొదటి ప్రశ్న.

అలాగని అది ప్రతి చోటా సరిపోయే సూత్రమని భ్రమ లేదు. అమెరికా, కెనడా సరిహద్దు జలాల్లో సదరన్ రెసిడెంట్ అని పిలిచే ఓర్కాల గుంపు ఉంది. వాటి సంఖ్య 75కు అటూ ఇటూ. వాటి ఆహారమైన చినూక్ సాల్మన్ చేపలు తగ్గిపోయాయి. 2018లో జే35 అనే తల్లి చనిపోయిన పిల్లను 17 రోజులు మోసుకుంటూ తిరిగింది ఈ గుంపులోనే. ఓర్కాలు తాము చేసే శబ్దాల ప్రతిధ్వనితో చేపను వెతుకుతాయి. పడవలు 400 గజాల లోపలికి వచ్చినప్పుడు వేట తగ్గుతుందని, ఆడ ఓర్కాలు వేటే మానుకునే అవకాశం ఎక్కువని పరిశోధకులు గమనించారు. వాషింగ్టన్ రాష్ట్రం 2025 జనవరి నుంచి ప్రతి పడవా వాటికి 1000 గజాల దూరంలో ఉండాలని చట్టం చేసింది. అంత బలహీనపడిన కుటుంబం దగ్గరికి ‘ఇష్టముంటే అదే వస్తుంది’ అనుకుంటూ వెళ్లి నిలబడడం కూడా తప్పే. అలాంటి చోట్ల ఒడ్డునే నిలబడి చూడాలి. అసలు ఈ యాత్రల చరిత్ర ఒడ్డునే మొదలైంది. 1950లో శాన్ డియేగో దగ్గర ఒక కొండ మీది నుంచి గ్రే వేల్స్‌ను చూడడానికి ఏర్పాటు చేశారు. పడవ 1955లో వచ్చింది, తలకు ఒక డాలరు చొప్పున.

హామీ ఎవరు అడిగారు

పడవ నడిపేవాళ్లను తిట్టడం తేలిక. నేనూ కొన్నాళ్లు తిట్టుకున్నాను. తరవాత ప్రయాణికులు నెట్‌లో రాసే అభిప్రాయాలు చదివాను. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది రాసిన మాట ‘చాలా దగ్గరగా చూశాం’. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లది ‘ఏమీ కనబడలేదు, డబ్బు దండగ’ లేదా ‘పక్క పడవ దగ్గరికి వెళ్లింది, మాది వెళ్లలేదు’. ఆ మూడో వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నిబంధన పాటించినందుకు ఆ పడవవాడికి మనం వేసిన శిక్ష అది. అతను దాన్ని చదువుతాడు, మరుసటి రోజు ఇంజను వేగం పెంచుతాడు. వంద మీటర్లన్న నిబంధన రాసింది ప్రభుత్వమైనా, దాన్ని రోజూ తిరగరాస్తున్నది మనమే.

కాబట్టి నా అభిప్రాయం ఒక్క ముక్కలో: తిమింగలాన్ని తప్పక చూపిస్తామని హామీ ఇచ్చే పడవ ఎక్కకూడదు. ఆ హామీ మర్యాదగానే కనబడుతుంది. కానీ అడవి ప్రాణి తరఫున మరొకరు ఇవ్వదగ్గ మాట కాదది. కనిపించని రోజు ఖర్చంతా పడవవాడి మీద పడుతుంది. అతను దాన్ని తిమింగలం మీదికి తోస్తాడు. కనిపించకపోవచ్చని ముందే చెప్పి, ఆ నష్టాన్ని మనం భరించేలా టికెట్టు అమ్మేవాడే నిజాయతీపరుడు. డబ్బు ఎక్కువ ఉన్నవాళ్లే ఆ నష్టాన్ని తట్టుకోగలరు కదా అని ఒకరు నన్ను అడిగారు. నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒడ్డు నుంచి చూడడానికి టికెట్టు అక్కరలేదన్నది తప్ప.

ఏడాది తర్వాత అదే తీరానికి మళ్లీ వెళ్లాను. ఈసారి పడవ ఎంచుకోవడానికి రెండు రోజులు తిరిగాను. చివరికి దొరికినది చిన్న పడవ. నడిపే పెద్దాయన ‘కనబడితే కనబడుతుంది’ అన్నారు, అంతే. సముద్రంలో దూరాన మిగతా పడవలు ఒకచోట గుమికూడుతుంటే ఆయన అటు పోలేదు. తిమింగలం వెళ్తున్న దిక్కు చూసుకుని, పక్కగా బాగా దూరం వెళ్లి, ఇంజను ఆపేశారు. అలల చప్పుడు, పడవ చెక్కల కిర్రు. ప్రయాణికుల్లో ఇద్దరు విసుక్కున్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి. మూడు వందల మీటర్ల అవతల తెల్లటి ఆవిరి స్తంభంలా లేచింది. దాదాపు ఒక సెకను తర్వాత చప్పుడు మా దగ్గరికి వచ్చింది. పెద్ద కొలిమితిత్తి ఒక్కసారిగా గాలి వదిలినట్టు. మొదటి యాత్రలో కొన్ని పదుల మీటర్ల దూరం నుంచి చూసిన నేను ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తెలిసింది. పడవలో ఎవరూ మాట్లాడలేదు. విసుక్కున్న ఇద్దరితో సహా. నేను ఫోను తీయకుండా లెక్కపెట్టాను. తొమ్మిది. తోక ఎత్తకుండానే మునిగింది, మళ్లీ ఎక్కడ లేచిందో మాకు కనబడలేదు.

ఒడ్డుకు వచ్చాక ఆ పడవ గురించి ఐదు నక్షత్రాలతో రాశాను. ‘తిమింగలం చాలా దూరంగా కనిపించింది. పడవ దగ్గరికి తీసుకువెళ్లలేదు’ అని మొదటి వాక్యంలోనే రాశాను, అది ఫిర్యాదని ఎవరూ పొరబడకుండా కింద కారణం వివరించాను.

మిత్రుడికి నాలుగో రోజున జవాబు రాశాను. నీతులు రాయలేదు. నా మూడు వీడియోలూ, ఆ మూడు అంకెలూ పంపి, ‘నీ వీడియోలో దాని ఊపిరి చప్పుడు వినబడుతోందా?’ అని మాత్రం అడిగాను. ఆ రాత్రే సమాధానం వచ్చింది. ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని నాలుగుసార్లు విన్నాడట, ఇంజనూ తమ అరుపులూ తప్ప ఏమీ లేవట. వచ్చే చలికాలంలో అక్కవాళ్ల కుటుంబాన్ని తీసుకుని మళ్లీ వెళ్దామనుకుంటున్నాడు. నిన్న ఫోను చేసి, ఆ పెద్దాయన పడవ ఏ రేవులో ఉంటుందని అడిగాడు.